అత్తగారి దీవెన

ఆమె ఇంట్లో 'పచ్చగా' అన్న మాట నిషిద్ధం. పెళ్లయిన కొత్తలో అత్తగారు నోరారా "మీ కాపురం పచ్చగా ఉండాలమ్మా" అని దీవిస్తే కోడలు ఉలిక్కిపడింది.

"చల్లగా ఉండమనండి అత్తయ్యా, అది చాలు."

పెద్దావిడ చిన్నబుచ్చుకుంది. పాపం, దీవించినా తప్పేనా!

ఆవిడకేం తెలుసు కోడలి ఉద్యోగం సంగతి? ప్రయోగశాలలో చచ్చిన ఎలుక మెదడును గడ్డకట్టించి, ఉల్లిపొరకన్నా పలచగా కోసి, గాజు పలక మీద వైరస్‌కు మాత్రమే అంటుకునే రంగుమందు వేసి కడిగి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూడాలి. అంతా నల్లగా ఉంటే క్షేమం. లేతాకు రంగులో చుక్కలు పచ్చగా మెరిశాయంటే, వైరస్ నరాల దారి పట్టి మెదడుకెక్కిందన్నమాట.

భర్తదీ అక్కడే కొలువు. ఎలుకల బోనులు శుభ్రం చేస్తాడు. నోరు మాత్రం ఊరుకోదు. "మా ఆవిడకి నల్లగా ఉంటేనే సంతోషం. అందుకేగా నన్ను చేసుకుంది!" అని తన రంగు మీద తానే జోకులేస్తాడు.

పోయిన వారం బోనులో పొట్టు మారుస్తుంటే ఒక ఎలుక అతని వేలు కొరికింది. వైరస్ ఎక్కించని ఎలుకల బోనులోది కదా అని కడుక్కుని ఊరుకున్నాడు. "నీ వంట తిని బతికినవాణ్ణి, ఎలుక పంటికి చస్తానా?" అన్నాడు.

నిన్న అదే ఎలుక వెనక కాళ్లు ఈడ్చింది. సాయంత్రానికి చచ్చింది. బోనులు తారుమారయ్యాయేమోనని అప్పుడు అందరికీ గుబులు పట్టుకుంది. కాటుతో సోకే ఈ వైరస్‌కు టీకా లేదు, మందూ లేదు.

వేరేవాళ్లు చూస్తామన్నా ఆమె వినలేదు. ఆ ఎలుక మెదడును తానే గడ్డకట్టించి కోసింది. మొదటి ముక్క చిరిగింది, రెండోది నిలిచింది. చీకట్లో కన్ను ఆనించింది.

పచ్చగా మెరుస్తోంది.

రంగుమందు సరిగ్గా కడగలేదేమో! మళ్లీ కోసి, మళ్లీ కడిగింది. ఈసారి పక్కనే ఆరోగ్యమైన ఎలుక మెదడు ముక్కకీ అదే మందు వేసి చూసింది. అది కాటుకలా నల్లగా ఉంది. ఇక సాకు లేదు. 'దేవుడా, నా కళ్లు ఒక్కసారి అబద్ధం చెప్పకూడదా' అని అక్కడే కూలబడి ఏడ్చింది.

బయట బెంచీ మీద భర్త కూర్చుని ఉన్నాడు. వేలికి ప్లాస్టరు.

"ఏంటి, నాలాగే నల్లగా ఉందా?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది. రాలేదు.

"మీ అమ్మగారి దీవెన ఫలించిందండీ."

అలవాటు కొద్దీ అతను నవ్వేశాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.