చప్పిడి దాణా కలిపిన కోడలు

మా చిన్న కోడలు రామతులసి గురించి రాయాల్సింది నేనే. ఇబ్రహీంపట్నంలో ఆమె పెట్టిన ఆవకాయ వన్ టౌన్ కొట్లకు ఆమె పేరు మీదే వెళ్తుంది. పెళ్లయ్యాక ఇంటర్ కట్టి ప్యాసయింది. నేను ఊరి బడిలో అయిదో తరగతితో ఆగినవాణ్ని. మా ఇంటి నుంచి ల్యాబులో అడుగుపెట్టిన మొదటి మనిషి ఆమే.

మంగళగిరి వైపు ఒక ఫార్మసీ కాలేజీలో ఎలుకలకు దాణా ఉండలు చేసే పని. షుగరున్న ఎలుకల గుండెను ఉప్పు ఏం చేస్తుందో సుస్మిత అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. సగం ఎలుకలకు ఉప్పు దాణా, సగానికి చప్పిడి దాణా. ఆ తేడా చెడితే సుస్మిత శ్రమంతా బూడిదపాలే.

పచ్చళ్లు కలిపేవాళ్లు కలుపుతూ రుచి చూడరు, ఎంగిలవుతుందని. చేతి అంచనాయే వాళ్ల కొలత. పిండి తడిపితే చాలు, రామతులసి చెయ్యి దానంతటదే ఉప్పు సీసా మీదికి పోతుంది. ఒకరోజు బేసిన్ కడుగుతుంటే ఆమెకే అనుమానం వచ్చింది. అంచున మిగిలిన చప్పిడి పిండి నాలిక మీద వేసుకుంది. ఉప్పగా ఉంది. చప్పిడి డబ్బాలోని పాత ఉండ కొరికింది. అదీ ఉప్పే!

నేరుగా సుస్మిత దగ్గరికి వెళ్లింది.

"నీ చప్పిడి ఎలకలు ఉప్పు తింటున్నాయమ్మాయ్. వేసింది నేనే."

"జోకులెయ్యకండి ఆంటీ!"

"జోకేంటి, నోట్లో వేసుకుని చూశా."

"ఎలకల దాణా తిన్నారా?"

"పచ్చళ్ల మనిషికి ఎలకైతేనేం, ఎవరైతేనేం? ఉప్పు ఉప్పే."

సుస్మిత కుర్చీలో కూలబడింది. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు..."

"తెలీదు. మా మామగారికీ షుగరే. ఆయన కంచంలో ఉప్పెంతో రేపు మీలాంటోళ్ల మాట పట్టుకునే చెప్తారు డాక్టర్లు. తప్పు మాట చెప్పిస్తావా?"

సుస్మిత కళ్లు తుడుచుకుని లేచింది. ఇద్దరూ వెళ్లి చెబితే, ఆ పరిశోధన చూసే పెద్ద మేడమ్ ఇద్దరికీ గట్టిగానే చివాట్లు పెట్టింది. చివరికి కొత్త ఎలుకలతో మొదటి నుంచి చెయ్యమంది. పిండికి వేరే మనిషిని చూస్తానంటే సుస్మితే ఒప్పుకోలేదు.

"తప్పు పట్టుకుంది ఆవిడే మేడమ్. ఆవిడే కలపాలి."

ఇప్పుడు మా కోడలు చప్పిడి పిండి ముందు కలుపుతుంది. అది ఆరేదాకా ఉప్పు సీసాను ఆ గదిలోకి రానివ్వదు. కొత్త చప్పిడి దాణాలో మొదటి ఉండను తుంపి సగం తను వేసుకుని, సగం సుస్మిత చేతిలో పెట్టింది.

సుస్మిత మొహం చిట్లించి నమిలింది. "ఛీ, ఏ రుచీ లేదు ఆంటీ."

"అయితే పెట్టెయ్, పాపం ఆకలి మీదున్నాయి."