సుగుణ మేడం ఒప్పుకోని ఫైలు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన వెచ్చటి కాగితాల వాసన తగిలితే నాకు ఇప్పటికీ కుదురుండదు. మాదాపూర్‌లో మా ఆఫీసు పనల్లా, వేరే దేశాలకు వెళ్లే ఇంజనీర్ల డిగ్రీలు అక్కడి డిగ్రీలతో సమానమో కాదో చూడటం. రోజంతా ఆ వాసనే. లేచి కిటికీ దాకా వెళ్తాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. సుగుణ మేడం గుర్తొస్తారు.

అప్పట్లో లింగంపల్లి దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ సివిల్ విభాగానికి అధిపతి. నేను కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ని. ఆ ఏడాది మా కోర్సు నాణ్యత పరీక్షించి గుర్తింపు ఇచ్చే బృందం రావాల్సి ఉంది. ఆ గుర్తింపు ఉంటే మా పిల్లల డిగ్రీ చాలా దేశాల్లో చెల్లుతుంది. లేకపోతే అక్కడ మళ్లీ పరీక్షలు రాసుకోవాలి. కాంక్రీటు దిమ్మెలను నొక్కి బలం కొలిచే యంత్రం మా ల్యాబ్‌లో రెండేళ్లుగా మూలపడి ఉంది. అప్పుడే జిరాక్స్ తీసిన ఖాళీ ఫారాలిచ్చి, ఆ రెండేళ్ల రికార్డులూ నింపెయ్యమన్నారు ప్రిన్సిపాల్. వారం రోజులు కూర్చుని, పెన్నులు మార్చి మార్చి అంకెలు రాశాను. బాగా కుదిరాయని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మేడం పేజీలు తిప్పారు. "ఈ దిమ్మెలు ఎప్పుడు పగలగొట్టిన్రు, శారదా?"

"పగలగొట్టలేదండీ. అన్ని కాలేజీల్లోనూ ఇలాగే రాస్తారంటండీ."

"రాస్తరు. రేపు ఏదో దేశంల ఎవరో ఈ కాగితం నమ్మి మన పిల్లను వంతెన పని మీద నిలబెడతరు. ఆ పిల్ల ఒక్క దిమ్మె పగలంగ చూడలే. జర ఆలోచించు."

ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశారు. బృందం వచ్చిన రోజు, "యంత్రం చెడిపోయింది. ఈ రెండు బ్యాచ్‌లకు ఈ ప్రయోగాలు చేయించలేదు. బాధ్యత నాది" అన్నారు. నా రాతల సంగతి ఎత్తలేదు. నేను గోడకానుకుని నిలబడ్డాను.

గుర్తింపు రాలేదు. మేడం పదవి పోయి మామూలు లెక్చరర్ అయ్యారు. ఆ వేసవిలో, అప్పుడే ఫైనలియర్ పూర్తిచేసిన రెహానా స్టాఫ్‌రూంలోకి దూసుకొచ్చింది. "బయటి దేశంల నౌకరీ చేతిదాక వచ్చింది మేడం. డిగ్రీకి గుర్తింపు లేదని వద్దన్నరు. నిజం మీరు చెప్పిన్రు, పరేషాన్ నాకు!"

తప్పు మేడంది కాదని అరవాలనిపించింది. ముందున్న జవాబు పత్రాలు సర్దుతూ కూర్చున్నాను. మేడం మాత్రం తనను తాను సమర్థించుకోలేదు. "అవును బిడ్డా. నీకు నష్టం జేసిన" అని, "యంత్రం బాగు చేయిస్తున్న. శనివారాలు వస్తవా?" అన్నారు. రెహానా విసురుగా వెళ్లిపోయింది.

మూడో శనివారం రెహానా వచ్చింది. గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికొచ్చి చేతులకు గ్లౌజులు తొడుక్కుంది. దిమ్మె ఫట్‌మని పగిలినప్పుడు అందరం ఉలిక్కిపడ్డాం. ఆమె మాత్రం పగుళ్లు ఎటు పోయాయో వంగి చూస్తోంది.

మరుసటిసారి వచ్చిన బృందం గుర్తింపు ఇచ్చింది. రెహానా బ్యాచ్‌కి అది వర్తించలేదు. ఆమె అక్కడి పరీక్షలు రాసి, రెండేళ్లు ఆలస్యంగా వెళ్లింది.

"ఆ రోజు చెప్పింది తప్పనిపించలేదా మేడం?" అని ఒకసారి అడిగాను.

"రెహానాను తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తది. అయినా మళ్ల గదే చెప్త."

మేడం ఇప్పుడు లేరు. ఇక్కడ మా ఆఫీసులో ఎవరి డిగ్రీకైనా 'సమానం కాదు' అని రాయాల్సి వచ్చినప్పుడు, ఉత్తరం చేరకముందే ఆ మనిషికి నేనే ఫోన్ చేసి చెబుతాను. నియమాల్లో ఆ పని లేదు. కొందరు ఏడుస్తారు, కొందరు తిడతారు. ఫోన్ పెట్టెయ్యను. వాళ్లు అనేదంతా అయ్యేదాకా వింటాను.