తుండు కింద బేరం

మా నాయన బెల్లం మండీలో బేరం నోటితో చేసేవాడు కాదు. తుండు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చేవాడు. ఆ విద్య నాకూ అబ్బింది. అది చెల్లని చోటు ఒక్కటే చూశాను.

అలిగి ఇల్లు వదిలిన మా తమ్ముడు చిత్తూరులో సర్కారు ఆసుపత్రిలో చేరాడని విని వెళ్లాను. రోగి ఒప్పుకోనిదే ఏమీ చెప్పలేమన్నారు. తిరుగు బస్సులో పక్క సీటాయన మెడలో అదే ఆసుపత్రి కార్డు కనిపించింది. వార్డులో నర్సట. తమ్ముడి పేరు చెప్పి అడిగాను.

"పేషెంట్ల సంగతి బయట చెప్పకూడదప్పా."

"జబ్బు సంగతి వద్దులే. ఆడ ఉండాడా లేడా, అంతే."

"అదీ చెప్పకూడదు."

పూతలపట్టు దాటాక తుండు తీసి ఒడిలో పరిచాను. "నోటితో చెప్పొద్దు. ఉంటే ఒక్క వేలు నొక్కు సామీ."

"గట్టోడివే అబ్బా!" అని నవ్వి, ఆయన తుండు కింద చెయ్యి పెట్టాడు. నా వేళ్లు ఒక్కొక్కటే మడిచి, పిడికిలి చేసి, కాసేపు అట్లాగే పట్టుకున్నాడు.

"నీ ఫోన్ నంబరియ్యి. ఆ పేరుగలాయన ఎవరన్నా ఉంటే ఇస్తా. మాట్లాడేదీ మానేదీ ఆయన ఇష్టం."

ఆయన మళ్లీ కనబడలేదు. ఇప్పుడు తెలియని నంబరు మోగితే ఎంత మంచి బేరమైనా మధ్యలో వదిలేసి ఎత్తుతాను. ఎక్కువగా లోన్లు ఇస్తామనేవాళ్లే. వాళ్ల ఫోనూ వెంటనే పెట్టేయను. గొంతు మా వాడిది కాదని తేలేదాకా వింటాను.