పేరు అడిగిన చోట

మా తోడికోడలికి కోడ్ రాయడం నేర్పుతానని ముందుకొచ్చింది నేనే. ఆమె అడగలేదు. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పిల్ల, పెళ్లయ్యాక ఆ ఊసే మరిచిపోయి రాజమండ్రిలో మా వంటగదిలో నా వెనకాలే తిరుగుతుంటే చూడలేక, నా పాత లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాను. నేను ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాను, దానికి కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ వేరే ఉంది. మంచి పని చేస్తున్నానన్న గొప్ప కూడా ఉండేది నాకు, ఎందుకు దాచాలి.

నాకు ఓపిక తక్కువ. ఎదుటివాళ్లు మౌస్ పట్టుకుని తడుముకుంటుంటే నా చెయ్యి ఊరుకోదు. "నువ్వు లే, నేను పెట్టేస్తాను" అని కుర్చీలో కూర్చున్నాను. కోడ్ ఎడిటర్ ఎక్కించాను. అక్షరాలు పెద్దవి చేసి, నాకిష్టమైన నల్ల తెర పెట్టాను. ఆమెకు తెల్లది ఇష్టమేమో అడగనైనా లేదు. తర్వాత గిట్. కోడ్‌లో ఏ మార్పు ఎప్పుడు, ఎవరు చేశారో గుర్తుపెట్టుకునేది అదే. మొదట్లో ఒకసారి పేరూ ఈమెయిలూ అడుగుతుంది. అక్కడ ఏ పేరు కొడితే, ఆ పైన ఆ లాప్‌టాప్‌లో జరిగే ప్రతి మార్పూ ఆ పేరు మీదే పడుతుంది. అవతల కుక్కర్ కూతలు వేస్తోంది. నా వేళ్లు అలవాటు కొద్దీ నా పేరే, నా ఈమెయిలే కొట్టేశాయి.

ఆమె పుట్టిల్లు కడియం, వాళ్ల నాన్నగారిది మొక్కల నర్సరీ. ఏ మొక్క ఏ మడిలో ఉందో, ఏది లారీ ఎక్కిందో చూపించే చిన్న వెబ్‌సైట్ మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని నేర్పింది మొదటి వారమే. ఆ తర్వాత మధ్యాహ్నాలు అత్తగారు నడుం వాల్చాక తనే కూర్చుని రాసుకునేది. మందారం ఫొటో మార్చాననీ, క్రోటన్లు రెండో మడికి జరిపాననీ ప్రతి మార్పు పక్కనా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. చదివితే నర్సరీలో నడుస్తున్నట్టే ఉండేది.

ఒకరోజు కోడ్ దాచుకునే సైటులో నా పేజీ తెరిస్తే ఆకుపచ్చ గడులు బోలెడు. మనం మార్పు చేసిన రోజుకో గడి అక్కడ పచ్చబడుతుంది, ఎవరైనా చూడొచ్చు. అవి నావి కావని తెలియడానికి నాకు నిమిషం పట్టలేదు. సరిచేయడానికీ ఎంతోసేపు పట్టదు. కానీ ఆ వారమే మా టీమ్ లీడ్ ఫోన్‌లో, "ఏంటండీ, ఆదివారాలు కూడా ఏదో రాసేస్తున్నారు! మిమ్మల్ని చూసి మనవాళ్లు నేర్చుకోవాలండి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. రేపు మారుద్దాంలే అనుకున్నాను, మర్నాడూ అదే అనుకున్నాను. ఆ పొగడ్త బాగుంది మరి.

అలా ఉండగా కాకినాడలో ఒక చిన్న కంపెనీ ఆమెను వీడియోలో ఇంటర్వ్యూ చేసింది. ఆమె కోసమని మా హాల్లో టీవీ కట్టేయడం అదే మొదటిసారి. నేను వంటగదిలో తాలింపు ఆపి వింటున్నాను.

"నర్సరీ సైటు బాగుందండి" అన్నాడు అవతలాయన. "కానీ కోడ్‌లో ప్రతి మార్పు దగ్గరా వేరే పేరుందేంటండి?"

"మా అక్క పేరండి. అంటే, మా తోడికోడలు గారండి."

"మరి ఇందులో మీరు రాసింది ఏదండి?"

నేను గడప దాకా వచ్చాను. ఆ పేరు పొరపాటున నేను పెట్టిందండి, రాసిందంతా ఈ అమ్మాయే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె తల తిప్పి నన్ను చూసింది. చూసి, "ఇద్దరం కలిసి చేశామండి" అంది. అవతలాయన "అలాగేనండి" అన్నాడు. నా కాలు గడప దాటలేదు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు దొంగలా కనబడతానేమోనని భయం. అంతకు మించి కారణమేమీ లేదు.

ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో వాళ్లు చెప్పలేదు, నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె కొబ్బరి తురుముతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నీకు అన్యాయం చేశానమ్మా. ఆ పేరు నేనే తప్పు కొట్టాను. తర్వాత తెలిసింది. తెలిసీ మార్చలేదు."

"నాకు మొదట్నుంచీ కనబడుతూనే ఉందక్కా."

"మరి అడగవేం?"

"అడగడానికేముందక్కా? మొన్న అన్నవరంలో వ్రతానికి మీరూ బావగారే కదా పీటల మీద కూర్చున్నారు. పులిహోర నేను కలిపినా చుట్టాలు పెద్దకోడలు బాగా చేసిందంటారు. మనింట్లో ఏదైనా మీ పేరు మీదే కదా. ఇదీ అలాగే పెట్టారేమో అనుకున్నాను."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉండుంటే నా మనసు కాస్త తేలికపడేది. లేదు. తురుము పళ్లెంలోకి సర్దుకుంటూ మామూలుగానే అంది. పులిహోర చిన్నకోడలు కలిపిందండీ అని ఆ చుట్టాలతో నేను ఒక్కసారైనా అన్నానా? అనలేదు. సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం లాప్‌టాప్ దగ్గర చేరాం. కుర్చీలో ఆమె, స్టూలు మీద నేను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. తన పేరు తనే కొట్టుకుంది. పాత మార్పులన్నిటి మీదా నా పేరు తీసేసి తన పేరు వేసే కమాండ్ చెప్పాను. అంతా టైప్ చేసి, ఎంటర్ నొక్కబోతూ ఆగింది.

"మొత్తం తీసెయ్యడం ఎందుకక్కా? నేర్పింది మీరే కదా. ఇద్దరి పేర్లూ పెట్టుకోడానికి అవ్వదా?"

అవుతుంది. ప్రతి మార్పు కిందా ఒక్క వరుస చేరిస్తే రెండో పేరూ కనిపిస్తుంది. మా ఆఫీసులో రోజూ చేసే పనే.

"అవ్వదమ్మా" అన్నాను. "ఒక్కరి పేరే పడుతుంది."

ఆమె నాకేసి జాలిగా చూసి, ఎంటర్ నొక్కింది.