గంట కొట్టని సైకిల్

ఈత, సైకిల్ ఒకసారి వస్తే మరిచిపోమంటారు. ఆ మాట అన్నవాళ్లెవరూ యాభైకి దగ్గరపడిన వయసులో, ఇంత పొట్ట వేసుకుని, గిద్దలూరు నుంచి కొమరోలు దారిలో ఎత్తు ఎక్కి ఉండరు. సుగర్ పెరిగిందని డాక్టరు కోప్పడితే, మా అబ్బాయి వదిలేసిన సైకిల్ దుమ్ము దులిపి, గాలి కొట్టించి, ఓ ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. మా మేనత్త ఊరిదాకా పోయి రావాలని నా ఆలోచన. నాయన ఒకప్పుడు తొక్కిన దారే కదా అనుకున్నాను.

సగం ఎత్తులోనే తొడలు మండిపోయాయి. దిగి తోసుకుంటూ పోతుంటే, గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన నిలబడి చూశాడు.

"ఏందన్నా, నువ్వు సైకిల్ ఎక్కుతావా, సైకిలే నిన్ను ఎక్కుతాదా?"

నవ్వడానికి కూడా ఊపిరి చాలలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ కోపంతోనే మిగతా ఎత్తు ఎక్కాను.

అత్త ఇల్లు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వాకిట్లో కూర్చుని చేటలో కందులు చెరుగుతున్న అత్త తలెత్తి చూసి, లేచి నిలబడింది. నేను హ్యాండిల్ మీదికి వంగి రొప్పుతున్నాను. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. రొప్పుతూ తాగితే పొలమారుతుందని, వద్దన్నట్టు చేయి ఊపాను.

చెంబు ఆమె చేతిలోంచి జారిపోయింది. అక్కడే కూలబడి, "ఎప్పుడు పోయింది నాయనా మా వదిన?" అంది.

అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. మా పల్లెలో ఒకప్పుడు సైకిల్ ఉన్నది నాయనకే. ఎవరు పోయినా చుట్టాల ఊళ్లకు కబురు తీసుకుపోయేది ఆయనే. చావు కబురు తెచ్చినవాడు గడప తొక్కడు. బయటే నిలబడి చెప్పి, ఇచ్చినా పచ్చి నీళ్లు ముట్టకుండా తిరిగిపోతాడు. ఆ ప్రయాణాల్లో నాయన సైకిల్ గంట కూడా కొట్టేవాడు కాదు. ఊరికే పలకరించడానికి పోయినా ఆయన్ని చూసి తలుపులు వేసుకున్నవాళ్లున్నారు. ఆయన పోలికే ఉన్న నేను, సైకిల్ మీద వచ్చి, మాట రాక, నీళ్లు వద్దంటూ నిలబడ్డాను. పైగా మా ఇంట్లో అమ్మ పక్షవాతంతో మంచం పట్టి ఉంది. అత్త మాత్రం ఇంకేమనుకుంటుంది?

అమ్మ బాగుందని చెప్పబోతే ఆయాసానికి మాట రాలేదు. కింద పడ్డ చెంబు తీసుకుని, తొట్టిలో ముంచి, ఆమె ఎదురుగా గటగటా తాగాను. అనుకున్నట్టే పొలమారింది. దగ్గుతూనే తాగాను. అది చూశాక గానీ ఆమె ఏడుపు ఆపలేదు.

తరువాత సజ్జరొట్టె పెట్టి, నేను తినేదాకా తిట్టింది.

"సుగరుంటే మాత్రం ఇట్ల వస్తారా ఎవురన్నా? ఈసారి ఆ బోరింగు మలుపుకాడ నుంచే గంట కొట్టుకుంటా రా. గంట ఇనపడితే నేను నిమ్మళంగా ఉంటా." ఇంకో రొట్టె వేస్తూ, మెల్లగా అంది. "మీయమ్మకు ఏమన్నా అయితే మాత్రం నాకు ఫోన్ చేయొద్దు నాయనా. ఆ డబ్బాలో నుంచి ఆ మాట నేను ఇనలేను. మీ నాయన మాదిరి నువ్వే రా."

వస్తానన్నాను. ఎంత పెద్ద మాట ఇచ్చానో తిరుగుదారిలో గానీ తెలియలేదు. ఎత్తులో దిగి, తోసుకుంటూ, ఆపసోపాలు పడుతూ మోసుకుపోయే కబురా అది?

అప్పటి నుంచి ప్రతి ఆదివారం తొక్కాను. ఒళ్లు తగ్గడానికని ఇంట్లో చెప్పేవాణ్ని. నిజానికి ఆ రోజు వస్తే నడిదారిలో నిలిచిపోతానేమోనని నా భయం. అత్త కట్టిచ్చిన రొట్టె పాలలో నానబెట్టి పెడితే అమ్మ తినేది. "మీ అత్త ఏం చేస్తాంది?" అని ముద్దముద్దగా అడిగేది. గంట వినపడగానే చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడుతుందని చెబితే, వంకరపోయిన నోటితోనే నవ్వేది. ఆ నవ్వు కోసమైనా పోవాలనిపించేది.

చలికాలానికి దిగకుండా ఎత్తు ఎక్కడం వచ్చింది. "ఎక్కినావులే అన్నా" అన్నాడు గొర్రెలాయన.

ఎండలు ముదరకముందే, ఒక మంగళవారం తెల్లవారేసరికి అమ్మ పోయింది. మా ఆవిడ మోటార్ సైకిల్ తాళం తెచ్చి ఇచ్చింది. దాన్ని గూట్లో పెట్టి సైకిల్ తీశాను. ఎత్తు ఎప్పుడు ఎక్కానో తెలియదు. గొర్రెలాయన ఏదో అనబోయి, నా ముఖం చూసి, మందను పక్కకు తోలి దారి ఇచ్చాడు. బోరింగు మలుపు దగ్గర బొటనవేలు అలవాటుగా గంట మీదికి పోయింది. తీసేశాను.

అత్త వాకిలి ఊడుస్తోంది. చీపురు పట్టుకునే నన్ను చూసింది. నీళ్ల కోసం లోపలికి పోలేదు.

మొదటి రోజులాగా మాట రానంత ఆయాసం ఉంటే బాగుండుననిపించింది. ఆ కాసేపైనా ఆమెకు వదిన ఉండేది. కానీ ఊపిరి చక్కగా ఆడుతోంది. గడప బయటే నిలబడి, "అత్తా, అమ్మ పోయింది" అని చెప్పాను.