మూత తీస్తే నడిచే మిషన్

పదవీ విరమణకు ఏడాది ముందు, యాసంగి వరికోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో నన్ను వరంగల్ నుంచి తొర్రూరుకు సర్వీసు కాల్ మీద పంపారు. వెల్డింగ్ మిషన్లు అమ్మే ఒక డీలరు దగ్గర నేను సీనియర్ సర్వీస్ టెక్నీషియన్‌ని. కంప్లైంట్ కాగితం మీద ఒక్క వాక్యమే ఉంది: ‘వైరు ఆగి ఆగి వస్తోంది.’

ఫిర్యాదు చేసినామె రజియా. తండ్రి పెట్టిన వెల్డింగ్ షాపును ఆమే నడుపుతోంది. నెల క్రితం ఆ చిన్న మిగ్ మిషన్‌ను అక్కడ బిగించి, స్పూలు ఎక్కించడం చూపించింది నేనే. మామూలు వెల్డింగ్‌లో రాడ్డు చేత్తో పట్టుకుంటాం. ఇందులో స్పూలుకు చుట్టిన సన్నని వైరును రోలర్లు లాగి, కేబుల్ గుండా గన్ మొన దాకా నెడతాయి. అది ఒకే వేగంతో రావాలి. క్షణం తడబడినా వైరు కరిగి మొనలోనే అంటుకుపోతుంది.

నేను వెళ్లేసరికి షాపు ముందు వరికోత మిషన్ ఆగి ఉంది. గింజలను పైకి తీసుకెళ్లే గొట్టం రేకు మూరెడు పొడవున చిరిగింది. రేకు పలుచన కాబట్టి రాడ్డు పెడితే చిల్లులు పడతాయి. మిగ్ ఒక్కటే దారి. పక్కనే కొమురయ్య అనే రైతు ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఐదెకరాల్లో సగమే కోత అయింది.

“మొగులు పట్టింది సారూ, జర జల్ది చూడుండ్రి” అన్నాడు.

“మూత తీస్తే నడుస్తాంది సార్, మూస్తే ఆగుతాంది” అంది రజియా.

ఆ మాటను నేను పట్టించుకోలేదు. పక్క మూత తెరిచి గన్ ట్రిగ్గర్ నొక్కాను. వైరు సాఫీగా వచ్చింది. మూత వేసి రేకు ముక్క మీద పెట్టగానే రెండుసార్లు టకటకమని ఆగిపోయింది. గన్ మొనలోని రాగి టిప్ మార్చాను. మళ్లీ అదే. కేబుల్ లోపలి సన్నని గొట్టాన్ని, అంటే లైనర్‌ను, గాలి కొట్టి శుభ్రం చేశాను. రోలర్ గాడి కొలత వైరుకు సరిపోయిందో లేదో చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మూత తెరిచి పరీక్షించిన ప్రతిసారీ పాసవుతోంది, మూసి వెల్డింగ్ మొదలుపెడితే ఫెయిలవుతోంది. పడమట ఉరిమింది.

“మూత తీసే కానియ్యరాదుండ్రి?” అని కొమురయ్య తొందరపెట్టాడు.

ట్రిగ్గర్ నొక్కినంతసేపూ స్పూలు మీది వైరులోనూ కరెంటు ఉంటుందని, అలా చేయకూడదని చెప్పాను. రజియా కూడా ఆ కారణంతోనే చేయలేదట.

“ఒక్కసారి మూసి, చెవి పెట్టి ఇనుండ్రి సార్” అందామె.

మూసి, మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాను. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. లోపల సర్రుమని ఒక రాపిడి, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ సర్రు. స్పూలు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి! గబుక్కున మూత తీసి దాని లోపలి వైపు చూశాను. పెయింటు గీసుకుపోయి వంపుగా ఒక తళతళలాడే గీత. ముప్పై ఏళ్ల సర్వీసులో అలాంటి గీత చూడలేదు.

స్పూలు అంచు మూతకు రాసుకుంటోంది. విప్పి చూస్తే, స్పూలుకు ముందు ఉండాల్సిన ప్లాస్టిక్ వాషర్ వెనక ఉండి, దాన్ని మూత వైపు నెడుతోంది.

“ఇట్ల ఎవరు వేశారమ్మా?” అన్నాను.

“మీరు సూపిచ్చినట్టే ఏసిన సార్” అంది నెమ్మదిగా.

నిజమే. నేను చూపించినప్పుడు వాడింది మిషన్‌తో వచ్చిన సన్నపాటి స్పూలు. దానికి వాషర్ వెనకే ఉండాలి. అది అయిపోయాక ఆమె ఎక్కించింది వెడల్పు స్పూలు. అలాంటిది వస్తే వాషర్‌ను ముందుకు మార్చాలన్న మాట చెప్పడం మరిచాను. తప్పు నాదేనని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను.

వాషర్ మార్చి, స్పూలు అదుపు తప్పి తిరగకుండా నట్టు సరిచేసి మూత వేశాను. రజియా ముఖానికి షీల్డ్ దించుకుంది. ఈసారి ఎడతెగని చిటచిట. చిరుగు పొడవునా అతుకు పడేదాకా అది ఎక్కడా ఆగలేదు.

కోత మిషన్ కదలగానే నేను వరంగల్ తిరిగిపోవాల్సింది. పోలేదు. బైకు మీద దాని వెంటే పొలానికి వెళ్లాను. గొట్టంలోంచి ధాన్యం ధారగా ట్రాక్టర్‌లో పడుతుంటే గట్టు మీద ఒకచోట నిలబడలేకపోయాను, అటూ ఇటూ నడిచాను. చివరి మడి కోసి, ట్రాక్టర్ మీద పరదా కప్పుతుండగా చినుకులు మొదలయ్యాయి.

“గెలిచినం సారూ!” అని కొమురయ్య తువ్వాల ఊపుతూ అరిచాడు. నేనూ గట్టిగానే అరిచాను.

మర్నాడు సర్వీసు రిపోర్టులో కారణం గడిలో ‘వెడల్పు స్పూలు ఎక్కించే పద్ధతి కస్టమర్‌కు చెప్పలేదు’ అని రాసి, చెప్పాల్సిన వ్యక్తిగా నా పేరే రాశాను. యంత్రం ఏ స్థితిలో మొరాయిస్తుందో ఆ స్థితిలోనే పరీక్షించాలి. తెరిచి చూసేటప్పుడు ఆ స్థితిని మనమే మార్చేస్తాం. రోజూ దానితో పనిచేసేవారి మొదటి మాటను రాసుకున్నాకే పనిముట్ల సంచి విప్పాలి. మిగిలిన ఏడాది సర్వీసులో నేను అలాగే చేశాను.