పోన్లే

పాత పట్టుచీరల ముక్కల మీద సబ్బునీళ్ళతో ఉన్ని రుద్ది, అతుక్కునేలా చేసి శాలువాలు తయారుచేస్తుంటాను. నిన్న నర్సీపట్నం బజారులో కొన్న ఆకుపచ్చ చీర విప్పగానే కలరా ఉండల వాసన. మామ్మ ట్రంకుపెట్టె వాసన.

"నాను పోయేటప్పుడు ఈ ఆకుపచ్చ సీరే కట్టండి" అని నా చిన్నప్పుడు మామ్మ అమ్మతో అంటుండేది. పోవడమంటే నక్కపల్లి అత్త ఇంటికి కాబోలనుకున్నాను. మామ్మ వెళ్ళడం నాకిష్టం లేదు. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాడు వస్తే, ఆ చీర ఇచ్చేసి గిన్నె తీసుకున్నాను.

"ఇంక నువ్వు పోలేవు కదా మామ్మా!" అన్నాను.

ఖాళీ పెట్టె ముందు కూర్చున్న మామ్మ మూత వేసేసి, "పోన్లే" అంది. పోనంటోందనుకుని గంతులేశాను.

ఆ వానాకాలమే మామ్మ పోయింది. రోజూ కట్టే నేతచీరలోనే సాగనంపాం.

సబ్బునీళ్ళు ఇప్పటికీ ఆ గిన్నెలోనే కలుపుతాను. నిన్న మాత్రం కలపలేదు; ఆ ఆకుపచ్చ చీరని మళ్ళీ మడతపెట్టేశాను.